బీగం వాళ్లది, ఫోను మనది

పోయిన సంవత్సరం మా స్కూల్లో పెట్టిన చర్చాపోటీలో నేను ఓడిపోయాను. అంశం ఏమంటే, "ఫోనును తక్కువ ధరకు ఇచ్చి, మా సిమ్ము తప్ప వేరే సిమ్ము పెట్టకూడదని కంపెనీ కట్టడి చెయ్యడం న్యాయమేనా?" నాకు వచ్చింది న్యాయం కాదు అనే పక్షం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. నేను రెండున్నర నిమిషాలు మా ఇంట్లో జరిగిన కథే చెప్పుకుంటూ పోయినాను. అసలు వాదన మొదలుపెట్టేలోపల గంట కొట్టేశారు. ఎదుటి పక్షంలో మాట్లాడింది నా స్నేహితురాలే. ఆమె లేచి, "ఇష్టం లేకపోతే కొనకుండా ఉండొచ్చు కదా, ఎవరు బలవంతం చేశారు?" అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. బాగా చెప్పింది కాబట్టి నేనూ కొట్టాను.

కానీ ఇంటికి పోయేటప్పుడు దారి పొడుగునా ఆ ప్రశ్నకు జవాబు తోస్తానే ఉంది. మ్యాగజైనుకు వ్యాసం ఇమ్మని తెలుగు మేడమ్ అడిగినప్పుడు, చెట్ల పెంపకం గురించో సమయపాలన గురించో రాయకుండా ఈ జవాబే రాస్తానని చెప్పాను. మేడమ్ నవ్వి ఒప్పుకున్నారు. ఇక్కడ గంట కొట్టేవాళ్లు ఎవరూ లేరు.

ముందు మా ఇంటి కథ. ఈసారి తొందరగా చెప్తాను.

మా మామ, అంటే అమ్మకు తమ్ముడు, అమెరికాలో ఉద్యోగం చేస్తాడు. మా కుటుంబంలో అంత దూరం పోయినవాడు ఆయన ఒక్కడే. పోయిన ఎండాకాలం వచ్చినప్పుడు తాను వాడిన ఫోను మాకు ఇచ్చిపోయినాడు. ఒక్క గీత కూడా పడలేదు, అద్దం లాగా ఉంది. అప్పటికి మా నాయన ఫోను తెర పగిలి, వేలితో నొక్కితే ఒక అక్షరానికి మూడు అక్షరాలు పడుతున్నాయి. నాయన రోజూ తెల్లవారుజామున మారికుప్పం రైల్లో బెంగళూరుకు పనికి పోతాడు, రాత్రికి వస్తాడు. ఆయనకే కావాలి అని అందరం అనుకున్నాం. మామ విమానం ఎక్కిన రోజు సాయంత్రం నాయన సిమ్ము తీసి దాంట్లో పెట్టాం. తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. ఈ సిమ్ము చెల్లదు అని దాని అర్థం.

అక్క సిమ్ము పెట్టాం, అమ్మ సిమ్ము పెట్టాం. అవ్వ కీప్యాడు ఫోను సిమ్ము కూడా తీసి పెట్టాం. మూడు కంపెనీల సిమ్ములు, మూడింటికీ అదే వాక్యం. మరుసటి రోజు పేటలో ఒక మొబైల్ అంగడికి తీసుకుపోతే అన్న ఒక్క నిమిషం చూసి, "అమెరికా కంపెనీ లాకు ఉంది మా, అక్కడి సిమ్ము తప్ప ఏదీ ఒప్పుకోదు" అన్నాడు. ఏం చెయ్యాలి అంటే ఒక చిప్పు ఉందన్నాడు. ఉల్లిపొర మాదిరి సన్నగా ఉంటుంది. దాన్ని సిమ్ముకు అంటించి లోపల పెడితే ఫోను తాను అమెరికాలోనే ఉన్నానని అనుకుంటుందట. పదహైదు నూర్లు అడిగాడు. ఆ దుడ్డు అవ్వ పింఛనులోది. ఫోను పదకొండు రోజులు పని చేసింది. పన్నెండో రోజు రాత్రి అదేదో అప్‌డేట్ తీసుకుని, తెల్లారేసరికి మళ్లీ అదే వాక్యం. అంగడి అన్నను తప్పు పట్టలేను. గ్యారంటీ లేదని ముందే చెప్పాడు.

మామకు చెప్దామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ప్రేమగా ఇచ్చినాడు, పని చెయ్యలేదని చెప్తే బాధ పడతాడు" అంది. ఎవరైనా చుట్టాలు వస్తే ఫోను బల్ల మీద కనపడేట్టు పెట్టేది. నాయన మాత్రం పగిలిన ఫోనులోనే మూడు అక్షరాల్లో ఒకటి ఏరుకుంటా ఉన్నాడు. ఆ మధ్యలో అక్కకు బెంగళూరులో ఒక చోట నుంచి ఇంటర్వ్యూకు రమ్మని మెసేజ్ వచ్చింది. అక్క ఆ రోజుల్లో అప్లికేషన్లలో నాయన నంబరే ఇచ్చేది. మెసేజ్ వచ్చింది మంగళవారం, నాయన దాన్ని తెరవగలిగింది శుక్రవారం. ఇంటర్వ్యూ గురువారమే అయిపోయింది. అక్క ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు, అంతే.

అప్పుడు నేనే మామకు చెప్పేశాను. మామ పాపం నిజంగానే బాధ పడ్డాడు, తనకు గుర్తే లేదన్నాడు. ఆ ఫోను కంతుల మీద కొన్నదట, ఇంకా నాలుగు కంతులు మిగిలి ఉన్నాయట. అన్నీ ఒకేసారి కట్టేశాడు. కట్టినాక కంపెనీని అడిగితే, మీరు మా దగ్గర ఇప్పుడు కస్టమరు కాదు కదా అన్నారట. ఆయన అప్పటికే వేరే కంపెనీకి మారిపోయినాడు. మెయిళ్లు పెట్టి, ఫోన్లు చేసి, కొన్ని వారాలు తిరిగినాక ఒక రోజు రాత్రి పదకొండు గంటలకు "ఇప్పుడు చూడండి" అని మెసేజ్ పెట్టాడు. నాయన సిమ్ము పెట్టాం. నాలుగు గీతల సిగ్నల్ వచ్చింది.

తోటి విద్యార్థులారా, నా వాదన అంతా ఈ ఒక్క చోట ఉంది. ఆ రాత్రి మేము ఫోనులో ఒక స్క్రూ విప్పలేదు, ఒక వైరు మార్చలేదు. ఫోను బల్ల మీదే ఉంది. ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఒక కంప్యూటరులో ఈ ఫోను పేరుకు ఎదురుగా ఉన్న ఒక మాట మారింది, అంతే. అంటే మొదటి రోజు నుంచీ ఆ ఫోనుకు మా సిమ్ముతో పని చేసే శక్తి ఉంది. చేతకాక చెయ్యలేదు అనుకోకండి, చెయ్యొద్దని చెప్పారు కాబట్టి చెయ్యలేదు.

ఇది ఎలా జరుగుతుందో కంప్యూటర్ సార్‌ను అడిగి తెలుసుకున్నాను. ప్రతి ఫోనుకు 15 అంకెల ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఐ.ఎం.ఇ.ఐ. అంటారు. మీ ఫోనులో *#06# అని కొడితే కనపడుతుంది. ప్రతి సిమ్ములో కూడా ఇట్లాంటి ఇంకొక నంబరు ఉంటుంది. దాంట్లో మొదటి మూడు అంకెలు దేశానివి, తరువాతి అంకెలు కంపెనీవి. మన దేశం సిమ్ములు 404తోనో 405తోనో మొదలవుతాయి. లాకు ఉన్న ఫోను ఆన్ చెయ్యగానే ఈ అంకెలు చదువుతుంది. తనకు నేర్పించిన అంకెలు అయితే లోపలికి రానిస్తుంది, లేకపోతే వాకిట్లోనే నిలబెడుతుంది. కొన్ని ఫోన్లకు ఒక కోడు కొడితే బీగం తీస్తుంది. కోడు తెలియక ఊరికే ఏదో ఒకటి కొడుతూ పోతే కొన్నిసార్ల తరువాత ఆ దారి కూడా మూసుకుపోతుంది, కాబట్టి దయచేసి ఎవరూ ఆ ప్రయోగం చెయ్యకండి. అట్లాగే డబ్బు కడితే కోడు పంపుతామనే తెలియనివాళ్లకు ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ఇవ్వకండి. ఇంకో విషయం, సిమ్ము పని చెయ్యని ప్రతి ఫోనుకూ లాకు ఉందని కాదు. కొన్ని విదేశీ ఫోన్లు మన టవర్ల తరంగాలను అందుకోలేవు. అమెరికాలో అమ్మే కొన్ని కొత్త ఫోన్లకు అయితే సిమ్ము పెట్టే సందే లేదు. అది వేరే కథ, దానికి నేను ఎవరినీ తిట్టను.

ఇప్పుడు నా స్నేహితురాలి ప్రశ్నకు వస్తాను. "ఇష్టం లేకపోతే కొనకుండా ఉండొచ్చు కదా."

కొనకుండా ఎవరు ఉండగలరు? రెండు ఫోన్లు కొనే స్తోమత ఉన్నవాళ్లు ఉండగలరు. అంగడికి పోయి పది వేలదీ ఇరవై వేలదీ ఏది కావాలంటే అది ఎంచుకోగలిగినవాళ్లకు లాకు ఉన్న ఫోనుతో పనే లేదు. మన దేశంలో ఈ బీగం ఎక్కువగా ఎవరి ఫోనుకు పడిందో చరిత్ర చూడండి. 2003లో రిలయన్స్ ఇన్ఫోకామ్ 501 రూపాయలు కట్టించుకుని ఫోను చేతిలో పెట్టే పథకం తెచ్చింది. పోస్టుకార్డు కన్నా తక్కువ ఖర్చుకు ఫోను మాట అన్నారు. అది నిజంగా గొప్ప విషయమే. అంతవరకూ ఫోను అంటే దొరల వస్తువు. ఆ ఫోన్లకు తీసి మార్చుకునే సిమ్మే లేదు, నంబరు ఫోను లోపలే ఉండేది. కంపెనీ నచ్చకపోతే ఫోను కూడా వదులుకోవాల్సిందే. తరువాత 2017లో జియోఫోన్ వచ్చింది. 1,500 రూపాయలు డిపాజిట్, మూడేళ్ల తరువాత తిరిగి ఇచ్చే షరతు, జియో సిమ్ము మాత్రమే. 2023లో 999 రూపాయలకు జియోభారత్ వచ్చింది, అదీ ఆ ఒక్క నెట్‌వర్కుకే. ఈ ఫోన్ల వల్ల లక్షలమంది బీదవాళ్ల చేతికి ఫోను వచ్చిందని నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోకపోతే అబద్ధం అవుతుంది. కానీ ఎవరికి వేరే దారి లేదో వాళ్లకు అమ్మే వస్తువుకే బీగం వేసి, "ఎవరు బలవంతం చేశారు" అని అడగడం ఏం న్యాయం? లేమి చేసే బలవంతం ముందు కంపెనీ బలవంతం చెయ్యాల్సిన పనే లేదు.

రెండో వాదన మా పక్కింటి చిన్నాయన చేశాడు. "కంపెనీవాడు నష్టానికి ఇస్తాడు, ఆ నష్టం పూడ్చుకోవద్దా? ఊరికే ఎవురైనా ఇస్తారా?" అని. ఇది గట్టి వాదన, నేను దీన్ని కాదనను. కంతులు పూర్తిగా కట్టేవరకు లాకు పెట్టుకోండి. అప్పు ఇచ్చినవాడికి ఆ మాత్రం హక్కు ఉంది. మా మామ నాలుగు కంతులు బాకీ ఉన్నప్పుడు ఆ కంపెనీ తప్పు లేదని నేను ఇంట్లోనే అన్నాను, అమ్మ నన్ను గుర్రుగా చూసింది. కానీ కట్టేసినాక? బాకీ తీరిన రోజే బీగం దానంతట అదే ఊడిపోవాలి. మామ లాంటి చదువుకున్నవాడు, ఇంగ్లీషు గలగలా మాట్లాడేవాడు, అక్కడే ఉన్నవాడు, కొన్ని వారాలు వెంటపడితే గానీ తియ్యలేదు. అదే మా అవ్వ అయితే ఎవరికి మెయిలు పెడుతుంది?

కోలారు టమాటా మార్కెట్టుకు ఒకసారి పోయి చూడండి. ఎక్కడెక్కడి నుంచో లారీలు వస్తాయి. పెట్టె కొని డబ్బు లెక్కపెట్టి ఇచ్చినాక, ఆ టమాటాను ఏ ఊరిలో అమ్ముకోవాలో, ఏ పొయ్యి మీద వండుకోవాలో మండీవాడు చెప్పడు. సంతలో ఎద్దును అమ్మి, పగ్గం మాత్రం నా చేతిలోనే ఉంటుంది, నీ పొలం తప్ప ఇంకో పొలం దున్నితే లాగేస్తాను అంటే పెద్దమనుషులు ఊరుకుంటారా? ఫోను విషయంలో మాత్రం ఊరుకుంటున్నాం. ఎందుకంటే పగ్గం కంటికి కనపడదు.

మూడోది దొంగతనం. లాకు ఉంటే దొంగలు ఎత్తుకుపోరు అని కొందరు అంటారు. దీనికి నాకు కొంచెం నవ్వు వచ్చింది. దొంగిలించిన ఫోనును ఏ సిమ్ముతోనూ పని చెయ్యకుండా ఆపడానికి వేరే పద్ధతే ఉంది. 2023 మే నెలలో ప్రభుత్వం సంచార్ సాథీ అనే పోర్టల్ తెచ్చింది. ఫోను పోయినవాళ్లు దాంట్లో ఫిర్యాదు చేస్తే ఐ.ఎం.ఇ.ఐ. నంబరు ద్వారా ఆ ఫోనును దేశమంతా ఆపేస్తారు. అది యజమాని కోసం వేసే బీగం, చెవి యజమాని దగ్గర ఉంటుంది. నేను తిట్టే బీగం యజమాని మీదే వేసింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మన నంబరుకు స్వేచ్ఛ వచ్చి చాలా ఏళ్లయింది. 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20న దేశమంతా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే హక్కు వచ్చింది. మొదట ఒక సర్కిలు లోపలే ఉండేది. మన కోలారువాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ, బేతమంగళం దాటి కొంచెం ముందుకు పోతే ఆంధ్ర, ఇటు తిరిగితే తమిళనాడు. పెళ్లి చేసుకుని వి.కోటకు పోయిన ఆడపిల్ల పుట్టింటి నంబరుతో అక్కడి సర్కిలుకు మారడానికి వీలయ్యేది కాదు. 2015 జులైలో ఆ గోడ కూడా పోయింది. ఇప్పుడు పోర్ట్ అని నంబరుతో కలిపి 1900కు ఒక మెసేజ్ పంపితే చాలు, ఒక కోడు వస్తుంది. దాన్ని తీసుకుపోయి ఏ కంపెనీకైనా మారొచ్చు. ఎందుకు పోతున్నావు అని ఎవరూ అడగరు. ఇంత మంచి హక్కు ఇచ్చినవాళ్లు సగంలో ఎందుకు ఆగిపోయినారు? నంబరు వెళ్లిపోవచ్చు, కానీ లాకు ఉన్న ఫోను దాని వెంట పోలేదు. ఫోను బీగం తియ్యండి అని అడగడానికి 1900 లాంటి నంబరు ఏదీ లేదు. కోడిపిల్లను గంప కింద నుంచి వదిలి, కాలికి దారం కట్టినట్లుంది.

ఇతర దేశాలలో ఏమైందో చూడండి. అమెరికాలో 2013 జనవరి 26 తరువాత కొన్న ఫోనుకు కంపెనీ అనుమతి లేకుండా లాకు తీసుకోవడం చట్టవిరుద్ధం అయింది. సినిమాలు, పాటలు దొంగకాపీలు చెయ్యకుండా 1998లో చేసిన ఒక చట్టాన్ని తీసుకొచ్చి ఫోను మీద పెట్టారు. సొంత ఫోను బీగం తీస్తే నేరం! అక్కడి జనం ఊరుకోలేదు. లక్ష మందికి పైగా సంతకాలు పెట్టి వైట్ హౌస్‌కు అర్జీ పంపారు. చివరకు 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా కొత్త చట్టం మీద సంతకం పెట్టారు, ఫోను ఉన్నవాడు బీగం తీసుకోవచ్చు, ఇంకొకరి చేత తీయించుకోవచ్చు అని. అయితే ఆ చట్టం కంపెనీలను బీగం వెయ్యొద్దని మాత్రం అనలేదు. అందుకే మా మామ ఫోనుకు అది ఇంకా ఉంది. కెనడా ఇంకా ముందుకు పోయింది. 2017 డిసెంబరు 1 నుంచి అక్కడ కొత్త ఫోన్లు లాకు లేకుండానే అమ్మాలి, పాతవాటికి అడిగితే ఉచితంగా తియ్యాలి. బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి లాకు ఉన్న ఫోను అమ్మడమే నిషేధం. ఆ దేశాలలో ఫోను కంపెనీలు దివాలా తీసి మూతపడలేదు. కాబట్టి లాకు లేకపోతే కంపెనీలు బతకవు అనే మాట నేను నమ్మను.

నిజానికి కంపెనీలు మూతపడేది వేరే కారణాలకు. అప్పుడే ఈ లాకు అసలు రంగు బయటపడుతుంది. 2018లో ఎయిర్‌సెల్ దివాలాకు పోయినప్పుడు పక్కన తమిళనాడులో జనం పోర్ట్ కోడ్ల కోసం ఎంత అవస్థ పడ్డారో మన ఊరివాళ్లకు గుర్తుండే ఉంటుంది. అయినా నంబరు మిగిలింది. ఫోనులో వేరే సిమ్ము వేసుకున్నారు. అంతకు ముందు నేను చెప్పిన సిమ్ము లేని పాత ఫోన్లు ఉన్నాయే, ఆ నెట్‌వర్కులు ఆగిపోయినప్పుడు అవి ఏమయ్యాయి? మా ఇంట్లో ఒకటి ఇప్పటికీ ఉంది. నా చిన్నప్పుడు నేను దానితో ఆడుకున్నాను. బటన్లు బాగుంటాయి, నొక్కితే టిక్కుమంటాయి.

ఈ మాట అవ్వతో చెప్తుంటే ఆమె అంది, "మన ఊరు కథా అంతే కదా బిడ్డా." నేను మొదట అర్థం చేసుకోలేదు. తరువాత ఆలోచిస్తే నిజమే అనిపించింది. 1880లో జాన్ టేలర్ కంపెనీవాళ్లు వచ్చినప్పటి నుంచి కె.జి.ఎఫ్. ఊరంతా ఒకే కంపెనీ సిమ్ము మీద నడిచింది. ఇల్లు కంపెనీది, ఆస్పత్రి కంపెనీది, బేతమంగళం నుంచి వచ్చే నీళ్లు కంపెనీవి. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, బెంగళూరు కన్నా ముందు. అందరూ దాన్ని గొప్పగా చెప్పుకుంటారు. గొప్పే, కానీ ఆ కరెంటు వచ్చింది గనుల కోసం. మా ముత్తాత చిత్తూరు పక్క నుంచి వచ్చి గనిలో చేరినాడు. షాఫ్టు నుంచి పైకి వచ్చినప్పుడల్లా తనిఖీ. మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయిన గనులు ఇవి. 1930లో కార్మికులందరి వేలిముద్రలు తీసుకుని రిజిస్టరు చేస్తామన్నప్పుడు గనివాళ్లు సమ్మె చేశారని మా సోషల్ సార్ చెప్పారు. ఎందుకు సమ్మె చేశారు అని నేను అడిగాను. "ఒక చోట వద్దనుకున్నవాడు ఇంకో గనిలో పని వెతుక్కోకుండా చెయ్యడానికే ఈ ఏర్పాటు అని వాళ్లు భయపడ్డారు" అన్నారు సార్. నాకు ఒళ్లు జలదరించింది. అంకెలు చూసి వాకిట్లో నిలబెట్టడం ఫోనుతో మొదలు కాలేదు.

తరువాత 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూసేశారు. నెట్‌వర్కు పోయింది. వేరే కంపెనీకి పోర్ట్ అయ్యే కోడు ఎవరికీ ఇవ్వలేదు. తాత మిగతా జీవితం అంతా ఆ కంపెనీ ఇంట్లోనే, ఆ ఇల్లు తనదో కాదో తెలియకుండానే గడిపాడు. నాయన రైలు ఎక్కాడు. ఇప్పటికీ మన ఊరి నుంచి వేలమంది తెల్లవారుజామున బెంగళూరు రైలు ఎక్కుతున్నారంటే, ఇక్కడ పని చేసే సిమ్ము దొరకలేదు కాబట్టే.

ఫోనును ఊరితో పోల్చడం ఎక్కువైంది అని కొందరు అనొచ్చు. నా స్నేహితురాలు ఈ వ్యాసం చదివి ఇప్పటికే అనేసింది. ఎక్కువే కావొచ్చు. గని కష్టం ముందు ఫోను కష్టం ఆవగింజంత. కానీ ఆవగింజంతదే మా అక్కకు ఒక ఉద్యోగం తప్పించింది. ఇప్పుడు రేషను కార్డుకు, బ్యాంకుకు, పింఛనుకు, మా ఎస్.ఎస్.ఎల్.సి. మార్కులు చూసుకోవడానికి, అన్నిటికీ ఫోనే. ఓ.టి.పి. రాకపోతే మనిషి ఉన్నా లేనట్లే. మా పక్క వీధిలో ఒక కంపెనీ సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాలి, ఇంకో కంపెనీది వంటింట్లోకి వస్తుంది. టవరు ఎక్కడ పెడతారో మన చేతిలో లేదు. కనీసం సిమ్ము మార్చుకోవడమైనా మన చేతిలో ఉండాలి కదా.

పెద్దలు ఒక మాట అంటారని నాకు తెలుసు: "పదో తరగతి, చదువుకోకుండా నీకెందుకు ఫోను గోల?" తల్లిదండ్రులకు ఒక విన్నపం. నేను ఫోను ఇప్పించమని అడగడం లేదు. మీరు కొనేటప్పుడు ఒక ప్రశ్న అడగమంటున్నాను. "దీంట్లో ఏ సిమ్ము పెట్టినా పని చేస్తుందా?" అని అంగట్లో అడగండి. బిల్లు మీద రాయించుకోండి. చుట్టాలు విదేశాల నుంచి తెస్తే, వాళ్లు తిరిగి విమానం ఎక్కకముందే మీ సిమ్ము పెట్టి చూడండి, మొహమాటం వద్దు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్ లోపల "లాకు లేదు" అని రాసి కూడా ఉంటుంది, చూడొచ్చు. ప్రభుత్వాన్ని అడగాల్సింది ఇంకా పెద్దది. లాకు ఉన్న ఫోను డబ్బా మీద ఆ మాట కన్నడలో, తెలుగులో, ఆ ఊరివాళ్లు చదవగలిగే భాషలో పెద్ద అక్షరాలతో ఉండాలి. సిగరెట్టు పెట్టె మీద బొమ్మ వేయించగలిగినవాళ్లు ఇది వేయించలేరా? బాకీ తీరిన రోజున ఎవరూ అడగకుండానే బీగం తియ్యాలి. కంపెనీ నెట్‌వర్కు మూసేస్తే, మూసే ముందే అన్ని ఫోన్ల బీగాలూ తీసి పోవాలి. తియ్యడానికి ఖర్చు ఎంత అవుతుందో నేను కళ్లారా చూశాను, రాత్రి పదకొండు గంటలకు ఒక మాట మార్చడమే.

ఆ ఫోను ఇప్పుడు నాయన దగ్గర ఉంది. రైల్లో కూర్చుని పాత పాటలు వింటాడట. అక్క ఇంకో చోట అప్లికేషన్ పెట్టింది, ఈసారి సొంత నంబరు ఇచ్చింది. అవ్వ పదహైదు నూర్ల సంగతి మామకు ఇంకా తెలియదు. ఆ చిప్పును అమ్మ బీరువాలో దాచింది, ఎందుకో అడిగితే చెప్పదు. మ్యాగజైను వచ్చినాక ఈ పేజీని ఫోటో తీసి మామకు పంపొద్దని ముందే గట్టిగా చెప్పింది. నేను పంపుతాను.